బరిలో పుట్టిన దంతకవచం: మౌత్ గార్డ్ కథ, దాని అమరిక

రూట్ కెనాల్ చికిత్స చేయించుకున్న వారి పంటి వేరులో సాధారణంగా గట్టాపెర్చా అనే పదార్థం ఉంటుంది. మలయా ప్రాంతపు అడవులలో పెరిగే ఒక జాతి చెట్టు పాలను గడ్డకట్టించి తీసే జిగురు అది. సింగపూర్‌లో పనిచేసిన విలియం మాంట్‌గోమరీ అనే సర్జన్ 1843లో దాని నమూనాలను లండన్‌కు పంపిన తరువాత ఐరోపాలో దానికి గిరాకీ పుట్టింది. వేడినీటిలో వేస్తే మెత్తబడుతుంది, చల్లారితే ఏ ఆకారంలో ఉంచామో ఆ ఆకారంలోనే గట్టిపడుతుంది. ఈ ఒక్క గుణం వల్లనే సముద్రగర్భంలో వేసిన తంతి తీగలకు తొడుగుగానూ, గోల్ఫ్ బంతులుగానూ, పుచ్చిన పంటిలో పూరకంగానూ అది పనికివచ్చింది. క్రీడాకారుల పళ్లను కాపాడేందుకు నోటిలో పెట్టుకునే మౌత్ గార్డ్ చరిత్ర కూడా ఈ చెట్టు జిగురుతోనే మొదలవుతుంది. నేడు క్రీడాసామగ్రి దుకాణంలో దొరికే గార్డును వేడినీటిలో ముంచి నోటిలో అమర్చుకునే పద్ధతికి మూలం కూడా అదే గుణం. పదార్థం మారింది గాని సూత్రం మారలేదు.

1890లో లండన్ నగరానికి చెందిన దంతవైద్యుడు వూల్ఫ్ క్రౌజ్, బాక్సర్లు బరిలోకి దిగే ముందు వారి పై దవడ ముందు పళ్ల మీద గట్టాపెర్చా పట్టీలను అతికించడం మొదలుపెట్టాడు. అప్పటికి 1867 నాటి క్వీన్స్‌బెరీ నియమాల ప్రభావంతో చేతి తొడుగులు వాడుకలోకి వచ్చాయి. తొడుగు వేసుకున్న చేతికి భయం తగ్గుతుంది. వట్టి పిడికిలితో ఎదుటివాడి తలను కొడితే తన వేళ్ల ఎముకలే విరగవచ్చునన్న జంకు పోయి, దెబ్బలు ముఖం మీదికి మళ్లాయి. ఆ దెబ్బ పెదవిని లోపలి నుండి సొంత పళ్ల అంచుకే నొక్కి చీలుస్తుంది. క్రౌజ్ ఆపదలచినది ముఖ్యంగా ఈ చీలికనే. పళ్లు విరగడం గురించిన చింత తరువాత వచ్చింది. ఆ పట్టీకి 'గమ్ షీల్డ్', అంటే చిగుళ్ల డాలు అన్న పేరు వచ్చింది. మన దేశంలోని బాక్సింగ్ శిక్షకులలో ఆ పాత పేరు ఇప్పటికీ వినబడుతుంది.

అయితే ఆ పట్టీ నోటి ఆకారానికి తగినట్లు కుదురుకునేది కాదు. జారిపోకుండా ఉండాలంటే దవడలు బిగించి పట్టుకోవలసి వచ్చేది. దవడ బిగిస్తే నోటితో గాలి పీల్చడం కష్టం. ఆయాసపడుతున్న మనిషికి ఆ సమయంలో గాలి కంటే విలువైనది మరొకటి ఉండదు గనుక వాడు ముందుగా వదిలించుకునేది ఆ డాలునే. ఈ చిక్కును పాఠకులు గుర్తుంచుకోవాలి. తరువాతి నూట ముప్పయి ఏళ్ల కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

క్రౌజ్ కుమారుడు ఫిలిప్ కూడా దంతవైద్యుడే. తండ్రికి లేని అర్హత ఒకటి అతనికి ఉంది: అతడు స్వయంగా ఔత్సాహిక బాక్సర్. ప్రతి పోటీకీ కొత్తగా అతికించే పట్టీ స్థానంలో, తీసి కడిగి మళ్లీ పెట్టుకోగల రబ్బరు గార్డును రూపొందించిన ఘనత సాధారణంగా అతనికే ఇస్తారు. చికాగోకు చెందిన దంతవైద్యులు కూడా ఆ కాలంలోనే తామే ముందు తయారు చేశామని చెప్పుకున్నారు. ఆ తగవు ఎలా ఉన్నా, ప్రపంచం కంట పడింది మాత్రం ఫిలిప్ మిత్రుడు టెడ్ 'కిడ్' లూయిస్ నోటిలోని గార్డే. లండన్ తూర్పు పేటల పేదరికంలో పెరిగి ప్రపంచ వెల్టర్‌వెయిట్ విజేతగా ఎదిగినవాడు లూయిస్. అమెరికన్ బాక్సర్ జాక్ బ్రిటన్‌తో అతడు 1915 నుండి 1921 వరకు ఏకంగా 20 సార్లు తలపడ్డాడు. 1921 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో జరిగిన చివరి పోరుకు ముందు బ్రిటన్ మేనేజర్ డాన్ మోర్గన్ అభ్యంతరం లేవదీశాడు. లూయిస్ నోటిలో ఉన్నది బయటి వస్తువు, నిబంధనలకు విరుద్ధం, అది అతనికి అన్యాయమైన లాభం చేకూరుస్తుంది అని అతని వాదం. అధికారులు ఆ వాదాన్ని అంగీకరించారు. లూయిస్ గార్డు లేకుండానే పోరాడి పాయింట్లపై ఓడిపోయాడు.

నేటి మన కళ్లకు ఆ అభ్యంతరం విడ్డూరంగా తోచవచ్చు. కాని దానిలో ఒక తర్కం ఉంది. నొప్పిని ఓర్చుకోవడమే నైపుణ్యంలో భాగమని నమ్మే ఆటలో, నొప్పిని తగ్గించే ఏ వస్తువైనా మోసంలాగే కనిపిస్తుంది. చేతి తొడుగుల విషయంలో వినబడిన ఆక్షేపణ ఇదే. స్కూటరు నడిపే మన పెద్దమనుషులు హెల్మెట్ గురించి ఎన్నాళ్లు ఎలా మాట్లాడారో తలచుకుంటే 1921 నాటి న్యూయార్క్ అధికారులను మరీ అంతగా నిందించలేము.

ఆ వైఖరిని కదిలించినది ఒక విరిగిన పన్ను. 1927 మార్చిలో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మైక్ మెక్‌టీగ్, జాక్ షార్కీల మధ్య పోటీ జరిగింది. ఐర్లండ్‌లో పుట్టిన మెక్‌టీగ్ అంతకుముందే లైట్ హెవీవెయిట్ విజేతగా పేరు పొందినవాడు. ఆ రాత్రి చాలాసేపు అతనిదే పైచేయి. ఇంతలో ఒక దెబ్బకు పన్ను చిట్లి, ఆ ముక్క పెదవిని లోపలి నుండి లోతుగా కోసింది. రక్తం ఆగలేదు. 12వ రౌండ్‌లో పోటీని నిలిపివేశారు. గెలవవలసినవాడు తన సొంత పంటి చేతిలో ఓడిపోయాడు. క్రౌజ్ 1890లో ఊహించిన ప్రమాదం సరిగ్గా ఇదే. ఆ తరువాత బరిలో గమ్ షీల్డ్‌ను ఆక్షేపించే స్వరాలు తగ్గిపోయాయి.

1930 నాటికి దంతవైద్య పత్రికలు ఈ విషయాన్ని పట్టించుకోవడం మొదలైంది. న్యూయార్క్ బాక్సింగ్ కమిషన్‌లో తనిఖీ అధికారిగా కూడా ఉన్న మేయర్ అనే దంతవైద్యుడు, ఆటగాని పళ్ల అచ్చు తీసి, మైనంతో, రబ్బరుతో అతనికి మాత్రమే సరిపడే గార్డును ఎలా చేయాలో వివరించాడు. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో కీలకమైన మలుపు ఇది. అప్పటివరకు గార్డుకు తగినట్లు నోరు సర్దుకోవలసి వచ్చేది. ఇప్పుడు నోటికి తగినట్లు గార్డు తయారయింది.

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత కథ బాక్సింగ్ బరి దాటి అమెరికన్ ఫుట్‌బాల్ మైదానంలోకి వచ్చింది. 1947లో లాస్ ఏంజలెస్ దంతవైద్యుడు రాడ్నీ లిలిక్విస్ట్ పారదర్శకమైన అక్రిలిక్‌తో పలుచని గార్డును చేశాడు. కట్టుడు పళ్లకు పునాదిగా వాడే పదార్థమే అది. దానిని పెట్టుకుంటే చూసేవారికి తెలియదు, మాట్లాడవచ్చు, దవడ బిగించనక్కరలేదు. డిక్ పెర్రీ అనే కళాశాల ఆటగాడు దక్షిణ కాలిఫోర్నియా దంతవైద్యుల సభలో దానిని ధరించి చూపించాడు. ఆ రోజులలో ఆ ఆటలో ముఖం ముందు జాలీ తొడుగు ఇంకా సర్వసాధారణం కాలేదు. జట్టు ఫోటోలలో నవ్వితే ముందు పళ్ల ఖాళీలు కనబడడం ఒక రకమైన పౌరుష చిహ్నంగా చెలామణి అయ్యేది.

1960లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్, శరీరాలు ఢీకొనే క్రీడలన్నిటిలో మౌత్ గార్డ్ ధరించాలని సిఫారసు చేసింది. 1962 నుండి అక్కడి ఉన్నత పాఠశాలల ఫుట్‌బాల్‌లో అది తప్పనిసరి అయింది. కళాశాలలకు ఆ నియమం చేరేసరికి మరో పది పన్నెండేళ్లు గడిచాయి. పిల్లలకు ముందు, యువకులకు తరువాత: ఈ క్రమం నాకు వింతగా తోచదు. పిల్లవాడికి చెప్పే పెద్దలు ఉంటారు. పెద్దవాడికి ఎవరు చెబుతారు?

నియమం పెట్టినంత మాత్రాన పని జరగదని కూడా అక్కడే తెలిసింది. పారదర్శకమైన గార్డు నోటిలో ఉందో లేదో దూరం నుండి రెఫరీకి కనబడదు. సాక్సులో దాచుకుని ఆడేవాడు ఎలాగూ ఉంటాడు. అందుచేత అమెరికా పాఠశాల ఫుట్‌బాల్‌లో గార్డు తెల్లగా గాని పారదర్శకంగా గాని ఉండరాదు, కొట్టొచ్చినట్లు కనిపించే రంగులో ఉండాలి అన్నారు. బాక్సింగ్‌లో దీనికి తోడు మరో నిషేధం ఉంది: ఔత్సాహిక పోటీలలో ఎర్ర గార్డు పనికిరాదు. నోటిలో ఎరుపు కనబడితే అది రక్తమో రబ్బరో రెఫరీకి తక్షణమే తెలియాలి కదా! ఈ రెండు నియమాలూ వైద్యులు ప్రయోగశాలలో కనిపెట్టినవి కావు. మైదానంలో నిలబడి చూసేవాడి కంటి నుండి పుట్టినవి.

నియమానికీ ఫలితానికీ ఉన్న సంబంధాన్ని అందరికంటే స్పష్టంగా చూపిన దేశం న్యూజిలాండ్. రగ్బీ అక్కడ దాదాపు జాతీయ వ్యసనం. ప్రమాదవశాత్తు కలిగే గాయాల చికిత్స ఖర్చును ఒక ప్రభుత్వ బీమా సంస్థ భరిస్తుంది గనుక రగ్బీలో ఎన్ని పళ్లు దెబ్బతిన్నాయో లెక్క దొరుకుతుంది. 1990ల చివరి నుండి అక్కడ రగ్బీ పోటీలలో మౌత్ గార్డ్‌ను దశలవారీగా తప్పనిసరి చేశారు. 1993లో ఆటగాళ్లు తాము గార్డు ధరించామని చెప్పినది ఆడిన వారాలలో 67 శాతం. 2003 నాటికి అది 93 శాతానికి చేరింది. 1995లో దంతగాయాల బీమా దరఖాస్తులు 2,644 రాగా 2003 నాటికి అవి 43 శాతం తగ్గాయి. ఒక ఆటలో, ఒక దేశమంతటా ఇంత తేటగా కనిపించే ఫలితం క్రీడావైద్యంలో తరచుగా దొరకదు.

ఇక్కడ ఒక అతిశయోక్తిని ప్రస్తావించక తప్పదు. మౌత్ గార్డ్ మెదడును కూడా కాపాడుతుందన్న మాట 1960ల నుండి ప్రచారంలో ఉంది. కింది దవడకు తగిలిన దెబ్బ పుర్రెకు చేరకుండా మధ్యలో మెత్తని పొర అడ్డుపడుతుందని దాని వెనుక ఉన్న ఊహ. 1967లో మృతదేహంపై జరిపిన ఒక ప్రయోగం దానికి కొంత బలం ఇచ్చింది. మృతదేహంలో కొలిచిన ఒత్తిడికీ, పరుగెత్తుతున్న మనిషి మెదడు కుదుపుకూ మధ్య చాలా దూరం ఉంది. వ్యాపారులకు ఆ దూరం పట్టలేదు. 2012లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, తమ గార్డు కన్‌కషన్‌ను తగ్గిస్తుందని ఆధారం లేకుండా ప్రకటించుకున్న ఒక తయారీ సంస్థను ఆ మాటలు మానివేయమని కట్టడి చేసింది. ఐస్ హాకీలో గార్డు ధరించినవారిలో కన్‌కషన్లు తక్కువగా కనబడ్డాయని ఇటీవలి పరిశీలనలు చెబుతున్న మాట నిజమే. అయినా తలకు దెబ్బ తగిలి దిమ్మెరపోయిన పిల్లవాణ్ణి "గార్డు పెట్టుకున్నాడుగా, ఏమీ కాదు" అని తిరిగి ఆటలోకి పంపడం ప్రమాదకరం. గార్డు పని పళ్లు, పెదవులు, నాలుక, కొంతమేరకు దవడ ఎముక. అది చాలదా?

తెలుగునేలలో ఈ వస్తువు బాక్సర్లకు కొత్తది కాదు. నిజామాబాద్ నుండి వచ్చి 2022లో ఇస్తాంబుల్‌లోనూ 2023లో న్యూఢిల్లీలోనూ ప్రపంచ విజేతగా నిలిచిన నిఖత్ జరీన్‌ను చూసి ఎందరో బాలికలు ఈ ఆటలో చేరుతున్నారు. వారి సంచిలో గమ్ షీల్డ్ ఉంటుంది, ఎందుకంటే అది లేనిదే బరిలోకి రానివ్వరు. కబడ్డీ సంగతి వేరు. సంక్రాంతికి ఊరూరా జరిగే పోటీలలో ఒకరి మీద ఒకరు పడేటప్పుడు మోకాలు, మోచేయి, ఎదుటివాడి తల పళ్లకు తగలడం అరుదు కాదు. విరిగిన ముందు పంటితో వచ్చిన కబడ్డీ కుర్రాళ్లను నా వృత్తికాలంలో చూశాను. 'కబడ్డీ కబడ్డీ' అంటూ ఊపిరి పట్టి కూత పెట్టవలసిన ఆటలో నోటిలో ఏదైనా పెట్టుకుంటే మాట రాదని వారి జవాబు. సరిగా కుదరని గార్డు విషయంలో అది నిజమే. పళ్లకు అచ్చుగా కుదిరిన గార్డుతో మొదటి నాలుగు రోజులు నాలుక తడబడినా తరువాత మాట సర్దుకుంటుంది.

1990 ఫిబ్రవరిలో టోక్యోలో బస్టర్ డగ్లస్ చేతిలో పడిపోయిన మైక్ టైసన్, నేల మీద పాకుతూ తన గార్డును వెతికి తీసుకుని, ఒక కొసను పళ్ల మధ్య ఇరికించుకుని లేవడానికి ప్రయత్నించిన దృశ్యం చాలామంది చూసే ఉంటారు. అంత పెద్ద దెబ్బల వర్షంలో ఏ గార్డైనా ఊడిపోవచ్చు. మామూలు ఆటలో మాత్రం నోరు తెరిస్తేనే జారిపడే గార్డు ఉన్నా లేకున్నా ఒకటే.

దుకాణాలలో మూడు రకాలు కనబడతాయి. ఒకటి ముందే ఆకారం పోసినది. అది ఎవరి నోటికీ సరిపోదు. క్రౌజ్ పట్టీ లాగే దవడ బిగించి పట్టుకోవాలి. దానిని కొనవద్దనే నా సలహా. రెండవది వేడినీటిలో మెత్తపరచి నోటిలో అమర్చుకునేది. మూడవది దంతవైద్యుడు పళ్ల అచ్చు తీసి, ప్లాస్టర్ నమూనా మీద వేడిచేసిన ఈవీఏ ప్లాస్టిక్ రేకును గాలి పీడనంతో అదిమి తయారు చేసేది. మూడవదే ఉత్తమం. ఖర్చు ఎక్కువే, కాని విరిగిన ఒక ముందు పంటికి వేరు చికిత్స చేయించి తొడుగు వేయించే ఖర్చుతో పోల్చి చూసుకోండి.

రెండవ రకం కొన్నవారు అమర్చుకునేటప్పుడు తొందరపడితే అది మొదటి రకంగా మారిపోతుంది. పెట్టె మీద రాసిన సమయం మేరకే వేడినీటిలో ఉంచాలి. తీసిన వెంటనే నోటిలో పెడితే కాలుతుంది. నీరు కార్చి ఒక్క క్షణం ఆగాలి. అద్దం ముందు నిలబడి, పై పళ్ల మీద మధ్యకు సరిగా కూర్చోబెట్టి, బొటనవేళ్లతో వెనుక దంతాల వైపు నొక్కి, మెల్లగా కరిచి, లోపలి గాలిని పీల్చుతూ, పెదవుల పై నుండి వేళ్లతో పళ్లకు అదమాలి. గట్టిగా కరవడమే అందరూ చేసే పొరపాటు. పంటి కొనలు మెత్తని ప్లాస్టిక్‌లోకి దిగిపోతే అక్కడ పొర పలుచబడుతుంది, దెబ్బ తగిలేది కూడా అక్కడే. తరువాత చల్లని నీటిలో వేయాలి. పెదవి వైపు సుమారు 3 మిల్లీమీటర్లు, కరిచే చోట 2 మిల్లీమీటర్ల మందం మిగిలితే మంచిది. గార్డు కనీసం మొదటి పెద్ద దంతం దాకా వెళ్లాలి. పై పెదవిని చిగురుకు కలిపే సన్నని పొర దగ్గర అంచు గుచ్చుకోకూడదు. ఆ తరువాతి పరీక్ష తేలిక: నోరు తెరవండి, తల ఊపండి, పేరు చెప్పండి, నోటితో గాలి పీల్చండి. పడిపోకపోతే, ఊపిరి ఆడితే సరిపోయినట్లే. పడిపోతే మళ్లీ వేడిచేసి ఒకసారి ప్రయత్నించవచ్చు. పదేపదే వేడిచేస్తే ప్లాస్టిక్ పలుచబడిపోతుంది.

పళ్లకు తీగలు వేసుకున్న పిల్లలు వేడినీటి రకాన్ని సొంతంగా అమర్చుకోరాదు. అది తీగలలో చిక్కుకుంటుంది, పళ్లు కదలవలసిన దారికి అడ్డుపడుతుంది. వారికి చోటు విడిచి చేసే గార్డులు వేరే ఉన్నాయి. పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చే వయసు పిల్లలకు ఏడాది క్రితం సరిపోయినది ఈ ఏడు సరిపోదు. తీసి పెట్టుకునే కట్టుడు పళ్లు ఉన్నవారు ఆటకు ముందు వాటిని తీసివేయాలి. కింది దవడ బాగా ముందుకు ఉన్నవారికి గార్డును కింది పళ్లకే చేస్తారు.

అమర్చడంలో శ్రద్ధ చూపినవారు కూడా శుభ్రత దగ్గర జారిపోతారు. ఓక్లహోమాలో రిచర్డ్ గ్లాస్ అనే పరిశోధకుడు, అతని సహచరులు కళాశాల ఫుట్‌బాల్ ఆటగాళ్ల గార్డులను పరీక్షించగా వాటిలో బాక్టీరియాతో పాటు ఈస్ట్, బూజు కూడా కనిపించాయి. కరిచి కరిచి గరుకెక్కిన అంచు చిగుళ్లను గీస్తుంది, ఆ గీతల గుండా క్రిములు లోనికి పోతాయి. పెట్టుకునే ముందు, తీసిన తరువాత చల్లని నీటితో కడగాలి. మెత్తని బ్రష్‌తో, కొద్దిగా సబ్బుతో రుద్ది బాగా తొలచాలి. వేడినీరు వద్దు. మనం ఏ గుణం చూసి కొన్నామో ఆ గుణమే అప్పుడు దానిని వంకర చేస్తుంది. తడి ఆరిన తరువాత గాలి రంధ్రాలున్న గట్టి డబ్బాలో ఉంచాలి. నిక్కరు జేబు, షూ లోపలి భాగం, మే నెలలో ఎండలో నిలిపిన కారు దానికి తగిన చోట్లు కావు. ఇంట్లో కుక్క ఉంటే అందకుండా పెట్టండి, నమిలే వస్తువంటే వాటికి మహా ప్రీతి. అన్నదమ్ములైనా సరే ఒకరిది ఒకరు వాడకూడదు.

అంచు చిరిగినా, పొర పలుచబడి వెలుతురు కనబడినా, నోరు తెరిస్తే జారుతున్నా మార్చివేయాలి. దంతవైద్యుని వద్దకు మామూలు పరీక్షకు వెళ్లినప్పుడు గార్డును కూడా డబ్బాతో సహా తీసుకువెళ్లి చూపించండి. నోటిలో పెట్టి చూసి, ఇంకెన్నాళ్లు పనికివస్తుందో ఆయన రెండు నిమిషాలలో చెప్పగలరు.